రెండో విజిల్

ఆ పాత నగరం కోటగుమ్మం ముందు కండక్టరు రోజూ బస్సు ఆపించేవాడు. "దిగండి, దిగండి, కాస్త త్వరగా దిగండి" అని గొంతు చించుకుని జనాన్ని దింపి, కొత్తవాళ్ళని ఎక్కించుకుని, రెండు విజిళ్ళు వేసి చక్కా పోయేవాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఇదే తంతు. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చూసిపోయే ఆ ఊళ్ళోకి తను మాత్రం ఒక్కనాడూ అడుగుపెట్టలేదు. అయినా ఇంట్లో ఆ ఊరి గురించి అతను చెప్పే కబుర్లు వింటే, కోట కట్టించిన రాజుగారికి స్వయానా మేనల్లుడేమో అనుకోవాలి.

ఇన్నాళ్ళకి సెలవు దొరికింది. పెళ్ళాన్నీ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని, తన బస్సులోనే తను ప్యాసింజరుగా ఎక్కి, దర్జాగా కోటగుమ్మం ముందు దిగాడు. పెద్దది కూతురు. ఎందుకు, ఏమిటి, ఎవరు చెప్పారు అని ప్రతి మాటకీ అడ్డు తగులుతుందని దానికి లాయరమ్మ అని పేరు పెట్టాడు. చిన్నవాణ్ణి ఇంటిల్లిపాదీ బుడ్డోడు అనే అంటారు. అక్క నోరు ఎంత పెద్దదో వాడు అంత నెమ్మది. ఏం చెబితే అది చేస్తాడు, చెప్పకపోతే ఊరుకుంటాడు.

పిల్లల్ని బయట తిప్పడానికి కండక్టరుది ఒక పద్ధతి. మెడలో విజిల్ ఉంటుంది. ఒకటి వేస్తే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. కదలకూడదు, నోరెత్తకూడదు. రెండు వేస్తే కదలాలి. "పిల్లలేమన్నా బస్సులా?" అని భార్య మొదట్లో మూతి తిప్పింది. "మా డ్రైవరు వయసులో నాకంటే పెద్దవాడు. విజిల్ పడితే కిక్కురుమనకుండా ఆగుతాడు. వీళ్ళకేం రోగం?" అన్నాడతను. నిజం చెప్పొద్దూ, పద్ధతి పనిచేసింది. రోడ్డు దాటేచోట పిల్లలిద్దరూ ఠక్కున ఆగడం చూసి నలుగురూ ముచ్చటపడేవాళ్ళు. ఆ ముచ్చటే పెద్దమనిషి తలకెక్కి కూర్చుంది.

ఆ పొద్దున కోటగుమ్మం దాటగానే నాలుగు వీధులు కలిసేచోట బోలెడు పావురాలు వాలి ఉన్నాయి. కండక్టరు ఒక విజిల్ వేశాడు. లాయరమ్మ ఆగింది. బుడ్డోడు ఆగలేదు. చేతులు చాపుకుని, కేరింతలు కొడుతూ పావురాల మధ్యకి దూసుకుపోయాడు. కండక్టరు పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వెళ్ళి, వాడి రెక్క పట్టుకుని, అందరూ చూస్తుండగా చెంప మీద ఒక్కటిచ్చాడు.

"ఒక విజిల్ అంటే ఏంట్రా?"

"ఆగాలి."

"మళ్ళీ కదులుతావా?"

"కదల్ను."

"రెండోది పడేదాకా?"

"కదల్ను నాన్నా."

వాడి కళ్ళ నిండా నీళ్ళున్నాయి కాని ఏడవలేదు. ఏడవడం కూడా కదలడం కిందికే వస్తుందేమోనని భయపడి ఉంటాడు. తల్లి వాడి చెంప నిమిరి, మొగుడి వంక ఒక చూపు చూసి ఊరుకుంది. సెలవు రోజున గొడవ ఎందుకనుకుంది పాపం.

తర్వాత ఊరు చూపించడం మొదలైంది. కండక్టరుకి తెలియనిది లేదు. "ఇది రాణీగారి స్నానాల గది" అన్నాడు ఒకచోట. లాయరమ్మ లోపలికి తొంగి చూసి, "ఇంత కిటికీ ఉంది, వీధంతా కనపడుతోంది. రాణీగారు స్నానం ఎలా చేసేది నాన్నా?" అంది. "అప్పటి జనం మర్యాదస్తులు. అటు చూసేవాళ్ళు కాదు" అన్నాడు తడుముకోకుండా. గోడ మీది పలకలో అది ధాన్యం కొలిచే గది అని రాసుందని లాయరమ్మ చదివి వినిపించింది. "నోర్మూసుకుని నడు" అన్నాడు. బుడ్డోడు కూడా నవ్వాడు. పొద్దుటి దెబ్బ వాడు మర్చిపోయాడని కండక్టరు మనసు తేలికపడింది.

మధ్యాహ్నం దాటేసరికి మబ్బు కమ్ముకుంది. కోటగోడ వెంట ఒక ఇరుకు సందులో నడుస్తున్నారు. గోడ మొదట్లో ఒక ఇనప ఊచల తలుపు తెరిచి ఉంది, లోపలికి మెట్లు దిగుతున్నాయి. పక్కన స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్, "పాతకాలం తూమండీ. ఊళ్ళో వాననీళ్ళన్నీ గోడ కిందుగా బయటికి పోయే దారి. ఇప్పుడు పొడిగానే ఉంది, చూసి రండి" అన్నాడు. బుడ్డోడు అందరికంటే ముందు నడుస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే సందు చివర ఒక సరుకుల వ్యాను వెనక్కి రావడం మొదలెట్టింది. కండక్టరు ఒక విజిల్ వేశాడు. లాయరమ్మ గోడకి అంటుకుని ఆగింది, తల్లి ఆగింది. వ్యాను నడిపేవాడికి వెనకేముందో బొత్తిగా తెలియడం లేదు. చూస్తూ ఊరుకోవడం కండక్టరు జన్మలో చేతకాదు. పరిగెత్తుకెళ్ళి వ్యాను ఒంటి మీద చరుస్తూ, "రానీ, రానీ, ఎడమ కొట్టు, ఇంకా కొట్టు, చాలు చాలు" అంటూ దాన్ని మలుపు తిప్పించే పనిలో మునిగిపోయాడు. మలుపు తిరిగీ తిరగ్గానే వాన విరుచుకుపడింది. జనం ఎటువాళ్ళటు పరుగెత్తారు. అతను సందు ఆ చివరే ఉన్న కమాను కిందికి ఉరికాడు. భార్యా, కూతురూ రెండో వైపు నుంచి తడుస్తూ వచ్చి అక్కడికే చేరారు.

"బుడ్డోడేడీ?" అందామె.

"నీ దగ్గర లేడా?"

"మీ వెనకే వచ్చాడనుకున్నా."



కండక్టరు వానలోకి దూకాడు. సందంతా పరిగెత్తాడు. ఇనప తలుపుకి తాళం పడి ఉంది, స్టూలు ఖాళీ. వాచ్‌మన్ పక్కనే తన గదిలో నిలబడి ఉన్నాడు. "వాన మొదలవగానే తలుపు వేసేస్తామండీ, లేకపోతే ప్రమాదం. 'ఎవరన్నా ఉంటే పైకి రండి' అని గట్టిగా కేకేశాకే తాళం వేశాను. ఎవరూ పలకలేదు. కింద ఎవరూ లేరు" అన్నాడు. ఆ మాట నమ్మి కండక్టరు ఆ తలుపు వదిలేసి ఊరి మీద పడ్డాడు.

విజిల్ నోట్లో పెట్టుకుని ఊదాడు. తన ఊపిరంతా పెట్టి, పొడుగ్గా ఊదాడు. మలుపు మలుపుకీ ఆగి ఊదాడు. దుకాణాల చూరుల కింద నిలబడ్డ ప్రతివాణ్ణీ అడిగాడు. "ఇంతుంటాడండీ, పచ్చచొక్కా, నెమ్మదస్తుడు, పలకరిస్తేనే మాట్లాడతాడు" అని చెప్పాడు. ఎవరూ చూడలేదన్నారు. పావురాలుండే చోటికి వెళ్ళాడు. పావురాలూ లేవు, ఎవరూ లేరు. ఇన్నేళ్ళలో ఎంత జనాన్ని దాటించాడో లెక్కలేదు, ఒక్క ప్యాసింజరు తప్పిపోలేదు. కన్నకొడుకు తప్పిపోయాడు. కనపడ్డ గుడి గుమ్మానికల్లా మొక్కుకుంటూ, మధ్యమధ్య విజిల్ ఊదుకుంటూ, కాలుగాలిన పిల్లిలా వీధులన్నీ తిరిగాడు.

లాయరమ్మ వెంటే పరిగెడుతోంది. "నాన్నా, విను. నాన్నా, విజిల్..."

"నోర్ముయ్! నీ వాదనలు వినడానికి ఇదా సమయం?"

అది నోరు మూసుకుంది. కాసేపాగి మళ్ళీ అతని చొక్కా పట్టుకుంది. విదిలించేశాడు.

తిరిగి సందులోకి వచ్చేసరికి భార్య నడి వానలో నిలబడి, జుట్టంతా మొహం మీద పడి, కొడుకుని కేకేస్తోంది. అతన్ని చూడగానే రెండు చేతులతో గుండెల మీద గుద్దింది. "పొద్దున కొట్టారుగా! అందరి ముందూ కొట్టారుగా! భయపడి ఎటో పోయుంటాడు. నా కొడుకుని తెచ్చివ్వండి నాకు" అని అక్కడే కూలబడిపోయింది. ఆమె అన్నది నిజమేనని అతనికి అనిపించింది. వీధి నీళ్ళు ఎర్రగా సుళ్ళు తిరుగుతూ గోడ వైపే పరుగెడుతున్నాయి. ఏం చెయ్యాలో దిక్కుతోచక విజిల్ మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

లాయరమ్మ ఎగిరి విజిల్ తాడు పట్టుకుని లాగింది. అతని మెడ ముందుకు వంగింది.

"ఒకటే వేస్తున్నావు నాన్నా!" అని అరిచింది. ఏడుస్తోంది. "వ్యాను వచ్చినప్పుడు ఒకటి వేశావు. రెండోది వెయ్యలేదు. మేం వానకి పరిగెత్తాం. వాడు పరిగెత్తడు. ఇందాకట్నుంచీ నువ్వు వేసేవన్నీ ఒకటే. వాడెలా వస్తాడు?"

కండక్టరు విజిల్ వదిలేసి దాని రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"ఎక్కడున్నాడు? విజిల్ వేసినప్పుడు వాడెక్కడున్నాడు?"

"నాకంటే ముందు. అప్పటికే ఆ మెట్లు దిగిపోయాడు."

ముగ్గురూ ఇనప తలుపు మీద పడ్డారు. వీధి నీళ్ళు మెట్ల మీంచి హోరున కిందికి దూకుతున్నాయి. లోపల చీకటి. వాచ్‌మన్ తాళంచెవుల గుత్తితో పరుగున వచ్చి, ఒక్కో చెవీ పెట్టి చూస్తూ, "నేను పిలిచానండీ, ఒట్టు, గట్టిగానే పిలిచాను. పలకలేదు" అన్నాడు.

"పలకడు" అన్నాడు కండక్టరు. "పలకొద్దని నేనే చెప్పాను."

ఊచల మధ్య మొహం పెట్టి విజిల్ ఊదబోయాడు. పెదాలు వణికి ఉత్త గాలి వచ్చింది. ఇన్నేళ్ళ పని, నిద్రలో కూడా చేయగల పని, ఇప్పుడు చేతకాలేదు. ఒకటి వేసి ఊపిరి చాలక ఆగిపోతే? రెండూ కలిసిపోయి లోపల ఒకటిగానే వినపడితే? అప్పుడు వాడు అక్కడే ఉండిపోతాడు. నీళ్ళు ఎంతదాకా వచ్చినా ఉండిపోతాడు. పెదాలు చేత్తో తుడుచుకున్నాడు. ఒకటి ఊదాడు. కావాలని ఆగాడు. రెండోది ఊదాడు.

లోపల నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

మళ్ళీ ఒకటి. మళ్ళీ రెండోది. భార్య అతని భుజం గోళ్ళు దిగేలా పట్టుకుంది.

మెట్ల కింద తూము మలుపు తిరిగేచోట చీకట్లో ఏదో కదిలింది. ముందు ఒక చెయ్యి కనపడింది, గోడ రాళ్ళు పట్టుకుని తడుముకుంటోంది. తర్వాత తల. ఛాతీ దాకా నీళ్ళల్లో, ఒక్కో అడుగూ వేసుకుంటూ బుడ్డోడు వస్తున్నాడు. తాళం ఊడింది. కండక్టరు మెట్ల మీద జారి, పడి, లేచి, వాణ్ణి రెండు చేతులా ఎత్తి గుండెకి అదుముకున్నాడు. ఒళ్ళు రాయిలా చల్లగా ఉంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "నేను కదల్లేదు నాన్నా" అన్నాడు వాడు ముందుగా. "నీళ్ళొచ్చినా కదల్లేదు. ఒకసారి వద్దామనుకున్నా. మళ్ళీ విజిల్ వేశావు. ఆగిపోయా."

వాచ్‌మన్ గదిలో వాణ్ణి కూర్చోబెట్టి, తడి బట్టలు విప్పి, వాచ్‌మన్ పొడిచొక్కా చుట్టారు. తల్లి వాడి కాళ్ళు రెండూ ఒళ్ళో పెట్టుకుని రుద్దుతోంది. ఆమె మొగుడి వంక చూడలేదు. లాయరమ్మ తమ్ముడి చెయ్యి వదల్లేదు. కండక్టరు వాడి ముందు నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"కన్నా, నామాట విను. ఇంకెప్పుడన్నా నీళ్ళొస్తే, నిప్పొస్తే, భయమేస్తే, పరిగెత్తెయ్. ఆగొద్దు."

"విజిల్ వేస్తే?"

"వేసినా సరే. పరిగెత్తు."

బుడ్డోడు ఆలోచించాడు. తండ్రి మొహం పరీక్షగా చూశాడు. చెయ్యి తెలియకుండానే పొద్దున దెబ్బ తగిలిన చెంప మీదికి వెళ్ళింది.

"అప్పుడు కొట్టవు కదా?"

కండక్టరు రెండు చేతుల్లో మొహం దాచుకుని, పెళ్ళాం పిల్లల ముందు, ముక్కూమొహం తెలియని వాచ్‌మన్ ముందు, వెక్కి వెక్కి ఏడ్చాడు. "కొట్టడు" అంది లాయరమ్మ గట్టిగా. "కొడితే నేను చూసుకుంటా."

వాన వెలిసింది. ఆఖరి బస్సు దొరకాలంటే ఇప్పుడే బయల్దేరాలి. తల్లీ కూతురూ గది దాటి సందులోకి దిగారు. బుడ్డోడు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. కండక్టరు చెయ్యి చాపి, "రా నాన్నా, పోదాం" అన్నాడు. వాడు చేతిని చూడలేదు. అతని మెడలో వేలాడే విజిల్నే చూస్తున్నాడు.

"విజిల్ అక్కర్లేదురా. ఊరికే రా."

వాడు కదల్లేదు. రావాలనే ఉంది, కళ్ళల్లో తెలుస్తోంది. కాని కాళ్ళు రావడం లేదు. కింది పెదవి వణకడం మొదలైంది. తల్లి వెనక్కి తిరిగి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ విజిల్ తెంపి ఆ తూములోకే విసిరికొట్టాలని కండక్టరు చెయ్యి లేచింది. విసిరితే వీణ్ణి కదిపేదెలా అని తోచి, లేచిన చెయ్యి అక్కడే ఆగింది.

విజిల్ నోట్లో పెట్టుకుని, మెల్లగా, రెండుసార్లు ఊదాడు. బుడ్డోడు వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.