దిగిన మట్టి

మా కొండమీద ఒక కట్టుబాటు ఉంది: వానకు జారిన మట్టి ఎవరి చేలో ఆగితే వాళ్ళదే. అందుకే మెట్లుమెట్లుగా ఉన్న చేల అంచుల్లో, మట్టి జారకుండా, సున్నం లేకుండా రాయిమీద రాయి పేర్చిన గోడలను కన్నబిడ్డల్లా చూసుకుంటాం. ఆ ఏడు మా గోడ మాత్రం ఆదివారానికి ఒక మూర చొప్పున తరిగిపోయింది. బీరూట్ పట్నం నుంచి కొండెక్కడానికి వచ్చే కుర్రకారు తలా ఒక రాయి పీకి, శిఖరంమీద బొమ్మరిళ్ళు పేరుస్తున్నారు.

మా కింది చేను మా మరిది మిఖాయిల్‌ది. అతను చేలో కుర్చీ వేసుకుని, మా గోడకేసీ మబ్బులకేసీ చూస్తూ కూర్చునేవాడు.

“ఎవరికోసం మరిదీ?”

“మీ మట్టికోసం వదినా. ఆలివ్ చెట్టుతో సహా వస్తే మరీ సంతోషం.”

నాకు ఒళ్ళు మండింది. ఆ చెట్టు నేను కాపురానికి వచ్చిన ఏడు నాటింది. మోకాళ్ళ నొప్పులతోనే ఆదివారం శిఖరందాకా ఎక్కాను.

“రాయి పైకి మోస్తే ఏం వస్తుంది నాయనా? ఒకటి కిందికి మోస్తే కోరుకున్నది జరుగుతుంది. తాతలనాటి మాట,” అన్నాను. మా తాతలు వింటే చెప్పు తీసుకునేవారు.

ఎగబడ్డారు. ఒకమ్మాయి పెళ్ళికోసం మూడు మోసింది. అన్నీ మా చేలో దింపించాను. మా ఆయన నఖ్లే సాయంత్రానికి గోడ మళ్ళీ పేర్చేశాడు.

పై ఆదివారం రెట్టింపు జనం వచ్చారు. శిఖరంమీద రాళ్ళు అయిపోయాయి, కోరికలు అయిపోలేదు. దారిలో ఉన్న మిఖాయిల్ గోడ పీకి రోడ్డుదాకా మోసుకెళ్ళారు. అతను మా గోడకేసే చూస్తున్నాడు. తన గోడ వీపు వెనక ఉంది.

“చెబుదామా?” అన్నాడు మా ఆయన.

“మీరు కాఫీ తాగండి,” అన్నాను.

మంగళవారం తొలివాన పడింది. మిఖాయిల్ చేను జారింది. మా గోడ నిలబడింది ఆ చేనిమీదేనని నాకప్పుడు గుర్తొచ్చింది. గోడా, మట్టీ, చెట్టూ, కుర్చీతో సహా మిఖాయిలూ దిగిపోయి, అడుగున ఉన్న వర్దె అత్త చేలో ఆగారు. చెట్టు నిలువునా నిలబడే ఉంది. వర్దె అత్త ఎనభై ఏళ్ళ మనిషి, న్యాయం తెలిసినది. మిఖాయిల్‌ను మాత్రం తిరిగి ఇచ్చేసింది.

వారం తిరక్కుండా కబురు పంపింది: “చెట్టు విరగకాసిందే రాహీల్. ఎక్కడ కొడితే కాయ రాలుతుందో నీకే తెలుసు. వచ్చి దులిపిపెట్టు. ఓ సీసా నూనె ఇస్తాలే.”

కరువుతీరా ఏడ్చాను. తర్వాత దుప్పటీ, కర్రా తీసుకుని దిగాను. వర్దె అత్త మిఖాయిల్ కుర్చీలో కూర్చుని ఉంది. మిఖాయిల్ గంప పట్టుకుని నిలబడ్డాడు.

“కొట్టు వదినా,” అన్నాడు.

నా చెట్టును నేను కొట్టాను.