గచ్చు పువ్వు

భిక్షం సున్నాన్ని నూరిందే మళ్లీ నూరుతున్నాడు. వేళ్ల మధ్య వెన్నలా జారితే తప్ప అతనికి తృప్తి లేదు. పొద్దున కెమెరా ట్రాలీ తగిలి దర్బారు హాలులో ఒక కమాను మీది తామరపువ్వు సగం రాలిపోయింది. దాన్ని అతికించడానికే అతన్ని పిలిపించారు.

ఒకప్పుడు ఎవరో సంస్థానపు రాజు వేసవి విడిదికని జూబ్లీ హిల్స్ రాతిగుండ్ల మీద కట్టించుకున్న మహలు అది. గాలి ఆడేలా ఎత్తైన కప్పు, గోడలకు బెల్లం నీళ్లూ కోడిగుడ్ల తెల్లసొనా కలిపి నూరిన సున్నపు గచ్చు, ప్రతి కమానుకూ అయిదేసి వంపులు, కొసన ఒక పువ్వు. సంస్థానం పోయింది. రాజుగారి పేరు కాపలావాడికి కూడా సరిగ్గా తెలియదు. ఇప్పుడు అక్కడ సినిమా రాజులు తిరుగుతుంటారు.

మహళ్లు భిక్షానికి కొత్త కాదు. ఫిల్మ్‌నగర్‌లో ప్లాస్టర్‌తో ఎన్ని పోశాడో లెక్కే లేదు. అన్నీ షూటింగ్ అయిపోగానే సుత్తి దెబ్బలకు కూలినవే. ఒకసారి కూతురు నవతకు చూపిద్దామని సెట్టుకు తీసుకెళ్తే, అప్పటికే దర్బారంతా ముక్కలై లారీ ఎక్కుతోంది. ఆ రోజు బిడ్డ ముందు అతనికి నిజంగా సిగ్గేసింది. ఈ పువ్వయినా నిలవాలని అతని ఆశ.

షూటింగ్ మేనేజర్ అరుణజ్యోతి హడావిడిగా వచ్చింది.

“ప్లాస్టర్ పెట్టేయండి భిక్షం గారూ, చిటికెలో అయిపోతుంది కదా!”

“జల్ది ఆరుతది మేడం, జల్దిగనే ఊడొస్తది. గచ్చుకు గచ్చే వెయ్యాలె. నేను చేసినయన్నీ కూలగొట్టిండ్రు. గిదొక్కటన్న ఉండనియ్యండ్రి.”

ఆమె గడియారం చూసుకుంది. “సరే, కానివ్వండి” అంది.

పక్క కమాను పువ్వును చూసుకుంటూ, నిచ్చెన మీద నిలబడి ఒక్కో రేకే దిద్దాడు. నున్నటి గులకరాయితో రుద్దాడు. చివరికి మెడలోని ఎర్ర తువ్వాలు తడిపి పువ్వుకు చుట్టాడు.

“వారం దినాలు గిట్లనే తడుపాలె మేడం. ముందుగాల తీస్తే పగుల్తది.”

దిగి, ఛాతీ రుద్దుకుంటూ వరండా మెట్ల మీద కూర్చున్నాడు. టీ తెచ్చినవాడు నిద్రపోతున్నాడనుకుని గ్లాసు పక్కన పెట్టిపోయాడు. మళ్లీ వచ్చేసరికి టీ చల్లారిపోయింది, మనిషీ చల్లబడ్డాడు.

రెండు రోజులకు షూటింగ్ మళ్లీ మొదలైంది.

“ఆ ఎర్రగుడ్డ ఏంటి? తీయించండి” అన్నాడు దర్శకుడు.

అరుణజ్యోతి నిచ్చెనెక్కింది. గుడ్డను తాకి చూసి, చేతిలోని సీసాలో నీళ్లన్నీ దాని మీద ఒంపింది.

“కెమెరా అటు తిప్పుకోండి సార్.”

అందరూ అటు తిరిగారు. ఇటు, కమాను కొసన, ఎర్ర తువ్వాలు అంచు నుంచి నీళ్లు ఒక్కో చుక్కే కారుతున్నాయి.