బీరువా వెనక చెమ్మ

ఉత్తరాలు రాయడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్లకు బీమా అంటగట్టే కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఏజెంటు ఏదైనా పొరపాటు చేసి, ఇల్లు కొన్నవాళ్లు కోర్టుకు లాగితే ఆదుకునే బీమా అది. దాన్ని ఎవడూ తనంతట తాను వచ్చి కొనడు. పొరపాట్లు పక్కవాడే చేస్తాడని ప్రతివాడికీ గట్టి నమ్మకం. అందుకే లైసెన్సున్న ప్రతి ఏజెంటు ఇంటికీ ఏడాదికి నాలుగుసార్లు ఓ ఉత్తరం వెళ్లాలి. చదివినవాడి గుండెల్లో రాయి పడాలి.

కిందటి రెండు ఉత్తరాలకూ జవాబులు అంతంతమాత్రం. "జనానికి సలహాలెందుకమ్మా? ఒకడు నిలువునా మునిగిన కథ చెప్పు. కళ్లకు కట్టాలి. నీ వల్ల కాకపోతే చెప్పు, బయటివాళ్లకి ఇచ్చేస్తా," అన్నాడు మేనేజరు. నవ్వుతూనే అన్నాడు. ఆయన నవ్వుతూ ఇంటికి పంపినవాళ్లు అప్పటికే ముగ్గురున్నారు.

అప్పుడు ఆమెకు అన్నయ్య గుర్తొచ్చాడు. రాకపోయుంటే బాగుండేది.

అన్నయ్యా ఏజెంటే. చెల్లెలు ఎంత పోరినా బీమా తీసుకోలేదు. అతను అమ్మిపెట్టిన ఇంట్లో గోడ చెమ్మ పట్టి పెచ్చులూడింది; కొన్నామె కేసు వేసింది. చెమ్మ సంగతి అతనికి ముందే తెలుసనడానికి రుజువు లేదు, కేసు కొట్టేస్తారని అతని లాయరు ధీమాగా ఉన్నాడు. కానీ ఓ ఆదివారం వంటింట్లో గిన్నెలు తుడుస్తూ అన్నయ్య గొంతు తగ్గించాడు.

"మరక నాకు కనబడిందే. చూడ్డానికొచ్చేవాళ్ల కంట పడకుండా నేనే బీరువా జరిపి అడ్డం పెట్టాను. ఎవరితోనూ అనకు. మీ వదినక్కూడా తెలీదు."

ఆమె ఎవరితోనూ అనలేదు. రాసింది. పేరు తీసేసింది, వీధి మార్చింది, ఇంటి రంగు మార్చింది. బీరువాను మాత్రం వదులుకోలేకపోయింది. ఉత్తరానికి ప్రాణం అదేనని అంత చెయ్యి తిరిగిన మనిషికి తెలియదా! చదివేవాళ్లు ఉలిక్కిపడాలని, ఆ ఏజెంటు కేసు ఓడి, లైసెన్సు పోగొట్టుకుని వీధిన పడ్డాడని చివర్లో తేల్చేసింది కూడా.

ఉత్తరం అదరగొట్టింది. జవాబు కార్డులు సంచుల్లో వచ్చిపడ్డాయి. మేనేజరు అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. సిగ్గులేని మనసు, ఆ పూట పొంగిపోయింది.

లైసెన్సున్న ప్రతి ఏజెంటూ అంటే, ఆ ఇల్లు కొన్నామె తరఫున తిరిగిన ఏజెంటూ అందులో ఉంటాడు కదా. ఇన్నేళ్లు అడ్రసుల జాబితాలతో కాపురం చేసిన మనిషికి ఆ ముక్క తట్టనేలేదు. ఇల్లు చూసిన రోజు గోడకు అడ్డంగా నిలబడ్డ బీరువా ఆ ఏజెంటుకు బాగా గుర్తుంది. ఉత్తరం తిన్నగా కొన్నామె లాయరు చేతికి వెళ్లింది. ఆ లాయరు కోర్టులో అన్నయ్యను ఒక్కటే అడిగాడు, బీరువా ఎవరు జరిపారని. ప్రమాణం చేసి నిలబడ్డ అన్నయ్య అబద్ధమాడలేకపోయాడు. కేసు పోయింది, వెనకే లైసెన్సూ పోయింది.

లైసెన్సు పోయిన మర్నాడు అతను ఆమె ఆఫీసుకొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చేతిలో తన ఇంటికొచ్చిన ఉత్తరం. చెల్లెలు పంపేవే కదా అని ఇన్నాళ్లూ విప్పనే లేదట.

"అన్నయ్యా, నీ పేరెక్కడా పెట్టలేదు..."

"అది కాదమ్మా. తప్పు నాదే, దానికి నిన్నేమీ అనను." అతను చివరి పేరా మీద వేలు పెట్టాడు. "కానీ నువ్విది రాసే రోజుకి నేనింకా ఓడిపోలేదు కదా?"