గాలి ఆగిన వేళ

పోస్టు ద్వారా పాఠాలు చెప్పే ఆ ఆఫీసు విజయవాడలో ఉండేది. అక్కడ జీవరత్నం ‘మన పరిసరాలు’ అనే కోర్సు తయారుచేసేది. పాఠంలో ఏముంటే అది, రాసినంతసేపూ చదివినంతసేపూ ఆ గదిలోకి వచ్చేది. చౌడునేలల పాఠం విప్పిన ఇంట్లో కుండనీళ్ళు ఉప్పెక్కేవి. వానల పాఠం పంచేరోజు పోస్టుమాన్‌లు గొడుగులు పట్టుకెళ్ళేవారు, గుమ్మంలోనే విప్పి చదివే ఆత్రగాళ్ళు ఎక్కడైనా ఉంటారు కదా.

“దోమల పాఠం కాస్త కుదించండమ్మా. ప్రూఫులు ఇంటికి తేవద్దంటోంది మా ఆవిడ” అనేవారు ఆఫీసు పెద్ద వెంకటప్పయ్య గారు.

ఇక తుఫాను పాఠమే మిగిలింది. నిరుడు నవంబరులో దివిసీమలో, హోరుమన్న గాలి ఉన్నట్టుండి ఆగింది. తుఫాను పోయిందనుకుని ఆమె భర్త సొలొమోను గేదెను చూడ్డానికి గడియ తీశాడు. గాలి అవతలి దిక్కునుంచి తిరగబడింది. వెనకే సముద్రం వచ్చింది.

అది చెప్పకపోతే తుఫాను పాఠమే కాదు. కానీ ‘గాలి ఆగింది’ అని రాయగానే సొలొమోను తడిచొక్కాతో బల్లపక్కన నిలబడేవాడు. తర్వాతి మాట రాయనంతసేపూ ఉండేవాడు. అందుకని ఆమె రాసేది కాదు. వెంకటప్పయ్య గారు చూసి, సొలొమోనుకూ ఒక కుర్చీ వేయించారు.

“గాలుల కాలం దగ్గరపడిందమ్మా. దివిసీమలో మన విద్యార్థులు చాలామంది ఉన్నారు” అన్నారు చివరికి.

“రాస్తే ఆయన పోతారండీ.”

“తెలుసమ్మా” అని తలవంచుకున్నారాయన.

ఆ మధ్యాహ్నం జీవరత్నం తెగించి, ‘గాలి మళ్ళీ రాలేదు’ అని రాసింది. సొలొమోను నవ్వుతూ కూర్చున్నాడు. “ఆకలేస్తోంది జీవా” అన్నాడు. క్యారియరు విప్పి కలిపి పెట్టింది. ఈ పాఠం ఇలాగే వెళ్తే ఇంటింటా ఇలాగే నవ్వుతూ కూర్చుంటాడు. అది నమ్మి అందరూ గడియలు తీస్తారు. ఆమె దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. కుళ్ళికుళ్ళి ఏడ్చింది.

“ఇంకో ముద్ద తినండి” అంటూనే ఎడమచేత్తో ఆ వాక్యం కొట్టేసింది.

“గేదె అరుస్తోంది. చూసొస్తా.”

“వద్దండీ!”

చెబితే వినే మనిషి కాదు, అప్పుడూ అంతే. ఆమె గుండె రాయి చేసుకుని ఉన్నదున్నట్టు రాసింది. అవతలి దిక్కునుంచి గాలి వచ్చి కిటికీ రెక్కలు టపటపా కొట్టింది. కుర్చీ ఖాళీ అయింది.

మరుసటి మే నెలలో తుఫాను వచ్చి వెళ్ళాక, నాగాయలంక నుంచి మాణిక్యమ్మ అనే విద్యార్థిని భర్త జక్కయ్యను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

“గాలి ఆగగానే ఈయన గడియమీద చెయ్యేశాడండీ. ‘ఆగయ్యా, సొలొమోను గారు ఇట్టాగే పోయారు’ అన్నాను. పాఠం చదివినప్పుడు ఆయన్ను ఈయనా చూశాడుగా, కూలబడిపోయాడు.”

“గేదె దక్కలేదండీ” అన్నాడు జక్కయ్య, తప్పు చేసినవాడిలా.

జీవరత్నానికి ముందు కడుపు మండిపోయింది. ఈ మనిషి ఎందుకు బతకాలి, ఆయన ఎందుకు పోవాలి? ఆ ఖాళీ కుర్చీ ముందుకు లాగింది.

“కూర్చో బాబూ. తొందరేం లేదు, కాసేపు కూర్చో” అంది.