ఎడమ పక్క ఉలవలు

తారు రోడ్డు వేసింది బండ్లు పోవడానికే అని మా అత్తకు చెప్పి చెప్పి నా గొంతు పోయింది కానీ, ఆ మాట ఆమె చెవికెక్కలేదు. ఆమెను ఒక్కదాన్నే అనడం ఎందుకు? కడప నుంచి మైదుకూరు దాకా రోడ్డు పక్కనున్న ఏ ఊళ్లోనూ ఎవరి చెవికీ ఎక్కలేదు. సర్కారువాళ్లు తమ కోసమే ఇరవై నాలుగు మైళ్ల పొడుగున నల్లటి కళ్లం చేయించి పెట్టారని అందరూ ఖాయం చేసుకున్నారు. పుష్యమాసం వచ్చిందంటే చాలు, పెరికి ఎండబెట్టిన ఉలవ తీగలు మోపులు మోపులుగా తెచ్చి రోడ్డు మీద మోకాలెత్తు పరిచేవాళ్లు. ఎద్దులను కట్టి తొక్కించే పని లేదు, రాతి గుండు లాగించే పని లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బస్సులూ లారీలూ వాటి మీదుగా పోతే కాయలు పగిలి గింజలు రాలతాయి. పొట్టు చెరిగి గింజలు ఇంటికి మోసుకుపోవడం వాళ్ల వంతు, తొక్కడం నా వంతు.

నేను ఆ రోడ్డు మీద బస్సు నడిపేవాణ్ని. పేరు తిమ్మయ్య. నేను చెప్పే సంగతి యాభై ఏడులో జరిగింది. అప్పటికి నాది పదకొండేళ్ల సర్వీసు. వెనక బొగ్గు కుంపటి పెట్టుకుని పొగ కక్కే బస్సులు కూడా నడిపాను. అన్నేళ్లలో ఒక్క మేకను తొక్కించింది లేదు. అట్లాంటి నాకు ఉలవలంటే వణుకు. వాటి మీదికి ఎక్కగానే స్టీరింగు చేతిలో తేలిపోతుంది. గింజలు టైర్ల కింద దొర్లుతాయి. బ్రేకు తొక్కితే చక్రం ఆగుతుంది కానీ బస్సు ఆగదు. తీగలు ఇరుసుకు చుట్టుకుని, వేడెక్కి, పొగలు వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. మా కండక్టరు పుల్లయ్య కిందికి దూరి కొడవలితో వాటిని కోసేవాడు, నేను రోడ్డు మీద నిలబడి తిట్టేవాణ్ని.

మా అత్త సుబ్బరత్నమ్మ మా నాన్నకు సొంత చెల్లెలు. ఆపైన నాకు పిల్లనిచ్చింది. ముక్కు కారుతూ తిరిగిన రోజుల్నుంచి నన్ను చూసిన మనిషి కనుక, అల్లుడనే మర్యాద ఎప్పుడూ పెట్టుకోలేదు. ఆమె ఊరు మైదుకూరుకు మూడు మైళ్లు ఇవతల. పొలం రోడ్డు పక్కనే. అందుకని అందరికంటే ముందు పరిచేది ఆమె, ఎక్కువ పరిచేదీ ఆమె.

"అత్తా, ఎవడైనా పడి సస్తాడు. నీ పంట కళ్లంలో పోసుకో" అని ఒకసారి బస్సు దిగి మరీ మొత్తుకున్నాను.

"నీ బస్సు ఎట్లా ఈడనే పోతాది గదరా" అంది ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని. "ఊరికే పోయేదానికి మా నాలుగు ఉలవలు తొక్కితే నీ చక్రాలు అరిగిపోతాయా? మీ నాయన ఉండి ఉంటే నాలుగు మాట్లు తొక్కించుకుని పోతాండె. నువ్వు శానా పెద్దోనివైనావు లే."

బస్సులో జనం ఆమె పక్షమే. "పోనీ లేప్పా, ముసలామె అడుగుతాంది" అని ఒకడు. "మా ఊర్లోనూ ఇట్లే పరుచుకుంటారు" అని ఇంకొకడు. ఇంటికొచ్చి నా భార్య నాగలక్ష్మమ్మతో చెప్పుకుందామంటే, ఆమె ఉలవచారు వడ్డిస్తూ, "తినేటప్పుడు గుర్తుకు రాలేదా ఈ నీతులన్నీ?" అంది. ఆ ఉలవలు ఎవరివో, ఏ బస్సు తొక్కిందో నాకు తెలియనిదా? నోరు మూసుకుని రెండోసారి పోయించుకున్నాను.

అత్త అక్కడితో ఆగిందా అంటే, అదీ లేదు. బస్సు దూరంగా కనపడగానే రోడ్డు వారకు వచ్చి నిలబడి చెయ్యి ఊపేది. మధ్యలో కాయ బాగా నలిగిపోయి అంచున నలగకుండా ఉంటే, ఆ అంచుకు పొమ్మని. ఎడమకు అంటే ఎడమకు, కుడికి అంటే కుడికి. నేను పళ్లు నూరుకుంటూనే ఆమె చూపించిన వైపుకు తిప్పేవాణ్ని. నాలుగేళ్లుగా తిట్టుకుంటూ తిప్పాను, కానీ తిప్పని రోజు ఒక్కటి లేదు.

ఇక ఆమె కొడుకు ఓబులేసు. నా బామ్మర్ది. ఇరవై నాలుగేళ్లవాడు, బుడ్డల దలాలీ, అంటే వేరుశనక్కాయల బేరాలు చేసేవాడు. మద్రాసులో మిలిటరీవాళ్లు వేలం వేసిన మోటారు సైకిలు ఒకటి కొనుక్కొచ్చాడు. అది వచ్చిన నాటి నుంచి వాడికి నేల మీద కాలు నిలవలేదు. సైలెన్సరు ఊడదీసి పారేశాడు. కళ్లకు అద్దాలు, మెడకు ఎర్ర గుడ్డ. నా బస్సును దాటేటప్పుడల్లా రెండు చేతులూ వదిలేసి నాకు సలాము కొట్టేవాడు. బస్సులో ఆడవాళ్లు కిలకిలా నవ్వేవాళ్లు. వాణ్ని నా భుజాల మీద మోశాను, వాడి చేత మొదట సైకిలు తొక్కించింది నేను. వాడు ఏదో ఒక రోజు నా కళ్ల ముందే పడతాడని నాకు భయం. ఆ భయం చెప్తే తల్లీ కొడుకులిద్దరూ నవ్వేవాళ్లు.

"ఉలవల మీద బ్రేకు పట్టదురా" అన్నాను ఒకనాడు.

"బ్రేకు వేసేవానికి గదా బావా ఆ బాధ" అన్నాడు వాడు. "నేను వేస్తే గదా!"

దానికి మా అత్త కొడుకును చూసి మురిసిపోయింది. "వానికి చెయ్యి బాగా కుదిరిందిరా. నువ్వే ఎద్దుల బండి మాదిరి పోతాండావు" అంది నాతో.

ఆ మంగళవారం పదకొండు గంటల బస్సు తీసుకుని కడపలో బయలుదేరాను. ఖాజీపేట దాటాక వెనక ఫట ఫట మోత వినిపించింది. అద్దంలో చూస్తే ఎర్ర గుడ్డ ఎగురుతోంది. హారను మీద హారను. దారి ఇమ్మంటున్నాడు.

మామూలు రోజైతే ఇచ్చేవాణ్నే. కానీ పొద్దున ఇటు నుంచి పోతూ చూశాను. అత్త ఆ రోజు ఎన్నడూ లేనంతగా పరిచింది. రోడ్డంతా ఉలవలే. వీడు నన్ను దాటి ఆ వేగంతోనే వాటి మీదికి పోతే ఏమవుతుందో నాకు తెలుసు. నా వెనక ఉంటే నాతోపాటు మెల్లగా దాటుతాడు. అందుకని రోడ్డుకు నట్టనడుమ పెట్టి, ఇరవై మైళ్ల వేగం మించకుండా, మొండిగా పోతూనే ఉన్నాను. బస్సు నడుమ పోతే తారు అటూ ఇటూ రెండు మూరలకు మించి మిగలదు, ఆపైన గులకరాళ్లు. వాడికి సందు లేదు.

"అన్నా, మీ బామ్మర్ది. దారియ్యరాదా" అన్నాడు పుల్లయ్య.

"ఇయ్యను."

"ఏమప్పా డ్రైవరూ, ఈ హారను మోతకు చెవులు పగిలిపోతాండాయి. పోనీ వాణ్ని" అని వెనక నుంచి ఒకాయన. "మీ ఇంటి పంచాయితీలు ఇంట్లో చూసుకోండప్పా, మేం సంతకు పోవాల" అని ఇంకొకామె. అందరూ నన్ను తిట్టడమే. అయినా రెండు మైళ్లు అట్లాగే పట్టుకొచ్చాను. ఇంకొక్క పర్లాంగు దాటిస్తే చాలు, ఆ తర్వాత వాడు ఎగిరినా నాకు బాధ లేదనుకున్నాను.

ఉలవలు వచ్చాయి. బస్సు వాటి మీదికి ఎక్కింది. పొట్టు దుమ్ము లేచింది. ఎడమ పక్క అత్త నిలబడి ఉంది. తల మీద కొంగు కప్పుకుని చెయ్యి ఊపుతోంది. ఎడమకు. ఎడమ పక్క ఇంకా నలగలేదు.

నా చెయ్యి ఎడమకు తిప్పింది. నేను ఆలోచించి చేశానని చెప్పలేను. నాలుగేళ్ల అలవాటు. ఆమె చెయ్యి ఊపింది, నేను తిప్పాను, బస్సు రోడ్డు వారకు జరిగింది, కుడి పక్కన దారి తెరుచుకుంది.

బావ చివరికి దారి ఇచ్చాడనుకున్నాడు వాడు. దుమ్ములో నుంచి వేగం గట్టిగా పెంచుకుని నా కిటికీ పక్కకు వచ్చాడు. నలిగి రాలిన నున్నటి గింజలన్నీ ఆ పక్కనే ఉన్నాయి. వాడి వెనక చక్రం పక్కకు పోవడం చూశాను. బండి ఒక వైపు, వాడొక వైపు జారుకుంటూ పోయారు. వాడి కుడికాలు మైలురాయికి తగిలిన చప్పుడు ఇంజను మోతలోనూ వినిపించింది.

అత్త చెప్పులు లేని కాళ్లతో ఆ తీగల్లో పడుతూ లేస్తూ పరుగెత్తింది. నేను పోయేసరికి వాడి తల ఒళ్లో పెట్టుకుని, కాలు వైపు చూడకుండా మొహం మీది పొట్టు తుడుస్తోంది. ఎముక బయటికి వచ్చింది. పుల్లయ్య తన పంచె చించి గట్టిగా కట్టాడు. ఇంతసేపూ నన్ను తిట్టినవాళ్లే నోరెత్తకుండా మూటలతో సహా దిగిపోయి, వాణ్ని ఎత్తి వెనక సీటు మీద పడుకోబెట్టారు. బస్సును ఆ ఉలవల మీదే వెనక్కి తిప్పాను. తిప్పుతుంటే అది కూడా రెండుసార్లు జారింది.

నా జన్మలో ఆ బస్సును అంత వేగంగా నడపలేదు. ముల్లు నలభై అయిదు మీద వణుకుతోంది. ఖాజీపేట దాటి రెండు మైళ్లు పోగానే, ఎదురుగా ఇంకో ఊరి ఉలవలు. ఒళ్లంతా మంట పుట్టింది. వాటి మీద ఆ వేగంతో పోతే బస్సు బస్సే బోల్తా పడుతుంది. అరుస్తూ, తిడుతూ, గేరు తగ్గించుకుని నడక వేగానికి తెచ్చాను. రోడ్డు వారన నలుగురు ఆడవాళ్లు నవ్వుతూ చేతులు ఊపుతున్నారు. కుడికి పొమ్మని! వెనక సీటు నుంచి నా బామ్మర్ది మూలుగు వినిపిస్తోంది, వీళ్లకు కుడి పక్క నలగలేదట!

మా అత్త కిటికీలో నుంచి సగం బయటికి వంగింది.

"తీయండే! తీయండే మీ ఉలవలు! నా కొడుకు సస్తాండాడు, తీయండే!"

ఆమె చేతుల నిండా రక్తం చూసి వాళ్లు చేటలు పారేసి పక్కకు పరుగెత్తారు. పరిచిన పంట తీయాలంటే ఎంతసేపు? నేను వాటి మీదుగానే మెల్లగా, మెల్లగా దాటించాను. ఆ వంద గజాలు దాటడానికి పట్టినంత కాలం నా బతుకులో ఎప్పుడూ పట్టలేదు.

కడప పెద్దాసుపత్రిలో డాక్టరు, ఇంకో పావుగంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నాడు. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. పోలీసులు వచ్చి, మోటారు సైకిలు అతివేగం అని రాసుకుపోయారు. ఉలవల సంగతి వాళ్లు అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మూడో రోజు వాడికి తెలివి బాగా వచ్చింది. నేనూ, నాగలక్ష్మమ్మా, అత్తా మంచం చుట్టూ ఉన్నాం. కాలు లేని చోట దుప్పటి చదునుగా ఉంది. వాడు దాన్ని చూడలేదు, నన్ను చూశాడు.

"బావా" అన్నాడు. గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "రెండు మైళ్లు శానా బాగా ఆపినావే. ఇంగ నన్ను పోనియ్యవులే అని నేను కూడా తగ్గించుకుంటాంటి. మళ్ల ఎందుకు దారిచ్చినావు?"

నాగలక్ష్మమ్మ నా మొహం వైపు చూసింది.

"మీ బావ ఇయ్యలేదు నాయనా" అంది అత్త. "నేనే చెయ్యి ఊపినా. ఎడమ పక్క ఉలవలు నలగలేదని ఊపినా. ఆ పాపం నాది."

నాలుగేళ్లు ఆమెతో పోట్లాడింది ఈ ఒక్క మాట కోసమే. తప్పు నాదిరా అని ఆమె ఒక్కసారి అంటే చాలనుకున్నాను. అన్న తర్వాత, అయ్యో ఎందుకన్నదా అనిపించింది. దానికంటే నన్ను మళ్లీ ఎద్దుల బండివాడని తిట్టినా బాగుండేది.

"నీకు ఏం తెలుసు అత్తా" అన్నాను. "బస్సు వెనక వాడుండాడని నీకు తెలీదు. నాకు తెలుసు."

ఆమె దానికి ఎదురు చెప్తుందని చూశాను. కాదంటుందని, ఎప్పటి మాదిరి నా నోరు మూయిస్తుందని అక్కడే నిలబడి చాలాసేపు చూశాను. ఆమె నా వైపు తిరగకుండా, చదునుగా ఉన్న చోట దుప్పటి సర్దుతూ ఉండిపోయింది.