వెంగమాంబ కోరిన నీలము

కార్తికమాసప్రాతఃకాలమున హిమబిందుసందోహశీతలంబైన సమీరము మదనపల్లె పురోపాంతశైలసానువులనుండి దిగివచ్చి ఉద్యానవాటికల నాకులను వణకించుచు గృహద్వారములను తట్టుచు ఎచ్చటను నిలువనేరక తిరుగుచుండెను. ఆ గాలికంటెను నిలుకడలేనిది వెంగమాంబ. శుక్లములచే నుభయనేత్రములును మసకబారిన ఆ వృద్ధ కాలుగాలిన పిల్లివలె తూర్పువసారా యీ కొసనుండి ఆ కొసకు గోడ పట్టుకొని తిరుగుచుండ కోడలు ఇందుమతి ముంగిట కూర్చుండి మట్టి జల్లించుచుండెను.

జాగుచేసినచో శస్త్రచికిత్స చేసినను చూపు దక్కదని వైద్యుడు చెప్పియుండెను. వెంగమాంబకో కత్తి యన్న గుండెదడ. నవవధువై ఉదకమండలమున భర్తతో కాపురముండిన కాలమున ఇంటి చూరునుండి వ్రేలాడు బుట్టలలో ధారలై జాలువారిన లొబీలియాపుష్పముల నీలిమను మాత్రము ఆమె మఱవలేదు.

"ఆ నీలం ఒకమారు చూసినాకే కత్తికి ఒప్పుకుంటా. కన్ను పోతే పోనీ. కడాకు చూసింది అదై ఉండల్ల" అని యామె పట్టుపట్టగా ఇందుమతి చేయునది లేక బెంగుళూరునుండి విత్తనములు తెప్పించెను.

అవి ధూళికంటెను సూక్ష్మములు. మన్ను కప్పిన వెలుగు సోకక మొలవవు. పైనుండి నీరు పోసిన కొట్టుకొనిపోవును. కావున నామె వానిని ఇసుకతో కలిపి తడిమట్టిపై చల్లి తొట్టిని నీటిపళ్లెరమున నిలిపి అడుగునుండి తేమ పీల్చుకొననిచ్చెను. పచ్చని నూగు పొడసూపెను. ఇంతవఱకు బాగుగనే యున్నది. అయితే చూపు తగ్గినవారికి వ్రేళ్లే కన్నులు. వెంగమాంబ గడియకొకమారు వచ్చి మొలిచెనో లేదో యని తడవి చూచుచు వచ్చెను. ఒక యుదయమున ఇందుమతి చూచునప్పటికి తొట్టియందు వ్రేలిముద్రలు దక్క మఱేమియు లేవు.

"తాకద్దని ఎన్నితూర్లు చెప్పల్లత్తా మీకు? మీ కండ్లు మీరే పోగొట్టుకుంటాండారు."

"మొలిచినాయో లేదో నాకు తెలిసేదెట్లే? ఊరికే కూచుంటే ఊపిరాడదు నాకు."

ఇందుమతికి ఒళ్లు మండెను. ఆ వెంటనే ఏడుపును వచ్చెను. శీతకాలము జాఱిపోవుచుండెను. ఎండ ముదిరిన ఈ పూవులు మాడిపోవును. అత్తచూపు అంతదాక నిలుచునన్న నమ్మకమును లేదు. మిగిలిన విత్తనములను చల్లి ఈ మాఱు తొట్టిని అత్త చేతికందని అలమారుపై కిటికీవెలుగున నుంచెను. మొలకలను ఒక్కొక్కటిగా విడదీయక చిన్ని గుత్తులుగా పూలమళ్ల యంచులయందును కొబ్బరిపీచు పఱచిన తీగబుట్టలయందును నాటెను. గుబురుగా పెరుగుటకై కొసలు గిల్లెను. మధ్యాహ్నపుటెండ తగులకుండ బుట్టలను తూర్పువసారాకు మార్చెను. మొగ్గ తొడిగెనా యని తానే మాటిమాటికి పోయి చూచుచు అత్తను కసరుకొనుటకు మొగము చెల్లక యుండెను.

మాఘాంతమున నొక్క వేకువ మరకతశ్యామలపత్రనికరంబుల నడుమనుండి ఇంద్రనీలచ్ఛాయావిలసితంబులును క్షీరధవళకంఠంబులును నైన కుసుమములు వేనవేలుగ విచ్చి బుట్టల యంచులు దాటి క్రిందికి జాఱెను. ఇందుమతి పరుగున పోయి అత్తను చేయిపట్టి తెచ్చి బుట్టను దించి ఆమె మొగమునకు చేరువగా పట్టెను.

వెంగమాంబ ఱెప్పలు చిట్లించి చూచెను. కొంగుతో కన్నులు తుడుచుకొని మరల చూచెను.

"ఏదే? పొగ మాదిరి ఏందో ఉండాది."

ఇక చికిత్స మాట యెత్తుటకు దారి లేదనుకొని ఇందుమతి గుండె చెఱువయ్యెను. వెంగమాంబ బుట్టయంచున జాఱిన పూవులను వ్రేళ్లతో తడవి చూచెను.

"పోదాం. ఆసుపత్రికి పొయ్యేదానికి బండి మాట్లాడు."

"ఒప్పుకుంటాండారా అత్తా? మీరు చూడనే లేదే."

"చూసింటే దాంతోనే సరిపెట్టుకోని ఈడనే కూచునేదాన్ని. చూడలేదు కాబట్టే పోవల్ల."

ఇందుమతి లోనికి పోయి కత్తెర తెచ్చి విరియబూచిన తీగలను సగమునకు కత్తిరింప దొడగెను.

"ఏందే ఆ సప్పుడు?"

"పూలు కత్తిరిస్తాండా. ఇప్పుడు కోసేస్తే మీరు కట్టు విప్పుకోని వచ్చేటప్పటికి, ఎండలు ముదరకముందే మళ్లా పూస్తాయి."

"అన్నీనా? నువ్వు చూసుకునేదానికి రెండన్నా పెట్టుకోవే."

"నేనూ అప్పుడే చూస్తా లేత్తా."

నీలకుసుమములు కుప్పలుగ నేలరాలుచుండ వెంగమాంబ వసారామెట్టుపై కూర్చుండి కత్తెర చప్పుడు ముగియువఱకును కదలలేదు.