దూకే పరుపు

మున్నీకి ఐదో ఏడు నడుస్తున్నా, ఆ పిల్ల పాదాలకు దుమ్ము అంటగా ఆదోనిలో ఆ వీధివాళ్ళు చూసింది అరుదు. ఎప్పుడూ జేజి దౌలత్‌బీ చంకలోనే ఉండేది. రెండేళ్ళప్పుడు తట్టు పోసి, పిల్ల దక్కుతుందో లేదో అన్నంత పనయింది. జ్వరం తగ్గిన నాటినుంచి మనవరాలిని కింద దించాలంటే దౌలత్‌బీకి భయం. కొడుకు దూదేకే వింటితో సి.బెళగల్ దిక్కు పల్లెలు తిరిగేవాడు. కోడలు లాలాబీ పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లుకు పోయేది. ఇంటిపట్టున పరుపులు కుట్టుకుంటూ పిల్లను సాకేది దౌలత్‌బీయే.

మున్నీకి నడక వచ్చింది గానీ పరుగెత్తబోతే కాళ్ళు మెలికపడేవి. ఇంటిముందు బండ దిగాలంటే వెనక్కి తిరిగి, పొట్టమీద జారేది. తోటి పిల్లలు నవ్వితే పోయి జేజి కొంగులో దూరేది.

"దాని కాళ్ళ పని నువ్వే చేస్తాంటే అది ఎప్పుడు నేర్చుకుంటాది అత్తా?" అని ఒకరోజు లాలాబీ మెల్లగా అంది.

దౌలత్‌బీకి మనసు చివుక్కుమంది. అయినా, మర్నాడే పిల్లను మిల్లు వెనక వీధిలోని బాలవాడికి తీసుకుపోయింది. తీసుకుపోయి, తానూ అక్కడే గుమ్మం పక్కన కూలబడింది.

బాలవాడి టీచరు మేరి ఎమ్మిగనూరు నుంచి కొత్తగా వచ్చిన చిన్నది. మొదట్లో ఆమె పిల్లల్ని వరుసగా నిలబెట్టి, తాను చప్పట్లు కొడితే గెంతమనేది. చప్పట్లు వినగానే మున్నీ వెళ్ళి జేజి ఒళ్ళో కూర్చునేది. చెయ్యి పట్టుకుని గెంతిద్దామంటే బిగుసుకుపోయేది. పుట్నాలు ఆశపెడితే, పుట్నాలు తినేసి ఉన్నచోటే ఉండేది. మేరికి నవ్వొచ్చింది, దిగులూ వేసింది. ఆ మీదట ఆమె గెంతమనడం మానేసింది. చిన్న పరుపొకటి కుట్టి ఇస్తావా అని దౌలత్‌బీని అడిగింది.

పడినా దెబ్బ తగలదు కదా అని దౌలత్‌బీ సంబరంగా ఒప్పుకుంది. చిరుగు చీరలన్నీ కలిపి సంచి కుట్టి, మిగులు దూది దట్టించి, మోకాలెత్తు పరుపు తయారుచేసింది. మేరి దాన్ని బాలవాడి అరుగు కింద పరిచింది. పిల్లలు ఒకరి వెనక ఒకరు అరుగుమీదినుంచి దూకసాగారు. మున్నీ మాత్రం ఒళ్ళోంచి లేవలేదు.

మేరి గులకరాళ్ళు దోసిట పట్టుకుని వచ్చింది. ఎవరు ఎంత దూరం దూకారో తనకు గుర్తుండటం లేదనీ, వాళ్ళు పడినచోటికి సరిగా పరుపు పక్కన రాయి పెట్టే మనిషి కావాలనీ చెప్పింది. మున్నీ జేజి ఒళ్ళోంచి దిగి, రాళ్ళు తీసుకుంది.

ఇక ఆ పిల్లకు తీరిక లేదు. వంగి ఒక రాయి పెట్టి లేచేలోగా ఇంకొకరు దూకేవారు. పరుపు చుట్టూ తిరగడానికి ఓపిక లేక దాని మీదుగానే పాకి అవతలికి పోయేది. ఒకసారి బోర్లా పడింది. దౌలత్‌బీ లేవబోయింది గానీ, ఆలోపే పిల్ల లేచి, చేతిలో రాయి ఉందా లేదా అని చూసుకుంది.

నాలుగు రోజులకు తగవొచ్చింది. ఈరప్ప అనే గడుగ్గాయి తన రాయిని ఎవరూ చూడకుండా ముందుకు జరిపాడు. మున్నీ చూసింది. రాయి లాక్కుని వాడు పారిపోతుంటే, వాకిలంతా వాడి వెంటబడి తరిమింది. మనవరాలు పరుగెత్తుతోందని దౌలత్‌బీకి తెలిసేసరికి మున్నీ వాడి చొక్కా పట్టుకుని ఉంది.

ఆ సాయంత్రం మున్నీ మేరి దగ్గరికి వెళ్ళి, "అందరికీ రాయి ఉండాది. నాకే లేదు," అంది. దూకినవాళ్ళకే రాయి అని మేరి చెప్పింది.

మర్నాడు మున్నీ అరుగు ఎక్కింది. అంచుకు పోయి కిందికి తొంగిచూసింది. దూకింది గానీ పరుపుమీద పడలేదు. దౌలత్‌బీ ఉండబట్టలేక ఎదురుపోయి గాల్లోనే పట్టేసుకుంది. మున్నీ కాళ్ళు తన్నుకుంటూ ఏడ్చింది.

"ఏంటికి పట్టుకుంటివి జేజీ? నేను యాడ పడతానో ఎట్ల తెలుస్తాది?"

దౌలత్‌బీ పిల్లను మళ్ళీ అరుగుమీద నిలబెట్టి, వెనక్కి వచ్చి, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. మున్నీ కళ్ళు మూసుకుని దూకి, పరుపు ఈ కొసనే చతికిలబడింది. ఏడుస్తుందేమోనని అందరూ చూశారు. పిల్ల లేచి, తన రాయి తానే పెట్టుకుంది. అన్ని రాళ్ళకన్నా వెనక ఉందది. ఒక చూపు చూసి, మళ్ళీ అరుగు ఎక్కింది. ఆరోజు ఇంటికి రమ్మంటే రాలేదు.

వానలు తగ్గుముఖం పట్టేసరికి పరుపు అట్టలా అణిగిపోయింది. అప్పటికి అది ఎవరికీ అక్కర లేకపోయింది. మున్నీ ఒంటికాలిమీద వీధి ఆ చివరిదాకా గెంతుతూ పోయేది. దౌలత్‌బీ బాలవాడి గుమ్మం దగ్గర కూర్చోవడం మాని, పిల్ల కోసం మానేసిన పరుపుల బేరాలన్నీ మళ్ళీ ఒప్పుకుంది.

ఒక సాయంత్రం లాలాబీ తలనిండా దూది నూగుతో మిల్లు నుంచి వచ్చేసరికి, అత్త ఇంటిముందు బండమీద రొప్పుతూ నిలబడి ఉంది. కింద మున్నీ చేతులు చాచి కాపు కాస్తోంది. నేలా బండా ఆట. నేలమీద కాలు పెడితే దొంగ పట్టుకుంటుంది.

"దిగనీదే నన్ను," అంది దౌలత్‌బీ. "పొయ్యి గూడా ముట్టియ్యలేదు."

లాలాబీ టిఫిను డబ్బా గోడపక్కన పెట్టింది. మున్నీ అటు తిరిగే లోపల గబుక్కున బండెక్కి, అత్త పక్కన నిలబడింది.